కొత్త చేతికి చవక పనిముట్టు ఇవ్వకండి

ఇంట్లో చిన్నాచితకా పనులు సొంతంగా చేసుకుందామని మొదలుపెట్టేవారికి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. ముందు చవకలో దొరికే పనిముట్లు కొనుక్కో, చేయి తిరిగాక, ఆసక్తి నిజంగా నిలబడితే అప్పుడు మంచివి కొందువుగాని, అంటారు. వినడానికి ఎంతో ఇంగితంగా తోచే ఈ సలహా పూర్తిగా తలకిందులుగా ఉందని నా గట్టి నమ్మకం. నాసిరకం పనిముట్టుతో ఎలాగో నెట్టుకురాగలిగేవాడు అనుభవజ్ఞుడు. నిన్నమొన్న పని మొదలుపెట్టినవాడికి, చేతికి ఇంకా ఏదీ అలవాటు కానివాడికి, మంచి పనిముట్టు అవసరం అందరికంటే ఎక్కువ.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకు ఎంతగా ఒంటబట్టిందంటే, పని చెడినప్పుడు పనిముట్టును తప్పుపట్టడానికి మనసొప్పదు. చేయి తిరిగినవారి విషయంలో ఆ సామెత న్యాయమే. కానీ మద్దెల నిజంగానే ఓటిదైతే ఆ సంగతి కనిపెట్టగలిగేది ఇదివరకు మంచి మద్దెలకు ఆడినవాడే. గోడకు వేసిన బెజ్జం పక్కకు జరిగిపోతే చేయి వణికిందో, బిట్టు వంకరగా ఉందో, ఆ బిట్టును పట్టి ఉంచే డ్రిల్లింగ్ మిషన్ చక్ ఊగుతోందో కొత్తవాడికి తెలిసే దారి లేదు. అందుకని తప్పంతా తన చేతిదే అనుకుంటాడు, ఇలాంటివి మనవల్ల కావులే అని ఆ చవక సెట్టు పెట్టెను మంచం కిందికి తోసేస్తాడు. ఆ సెట్టుకు పెట్టిన డబ్బు పోవడం చిన్న నష్టం. ఒక మనిషి తన చేతుల మీద నమ్మకం పోగొట్టుకోవడం పెద్ద నష్టం, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అందరి ఇళ్లలోనూ ఉండే స్టార్ స్క్రూడ్రైవర్‌నే చూద్దాం. దాని మొన మీద నాలుగు రెక్కలుంటాయి. ఆ రెక్కల ఏటవాలు స్క్రూ తలలోని గాళ్ల ఏటవాలుతో సరిగ్గా కలిస్తే లోహం లోహాన్ని నిండుగా పట్టుకుంటుంది, మణికట్టు తిప్పే బలమంతా స్క్రూకు చేరుతుంది. ఈ ఆకారానికి సహజంగానే ఒక బలహీనత ఉంది: బలం పెరిగేకొద్దీ మొన గాడిలోంచి పైకి జారిపోవాలని చూస్తుంది. అందుకే తిప్పడంతో పాటు లోపలికి నొక్కి పట్టడం కూడా నేర్చుకోవాలి. ఇక్కడిదాకా చేతి పని. మిగతాదంతా ఉక్కు పని. కడ్డీ మీద సీఆర్-వీ అని అక్షరాలు అచ్చువేసినంత మాత్రాన అది గట్టి పనిముట్టు కాదు. క్రోమ్ వెనేడియం ఉక్కునైనా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ మితంగా వేడిచేసి తీస్తేనే గట్టిదనం, సాగే గుణం రెండూ తగుపాళ్లలో నిలుస్తాయి. ఈ వేడి, చల్లార్పుల మీద పెట్టాల్సిన సమయాన్ని, ఇంధనాన్ని మిగుల్చుకోవడమే నాసిరకం తయారీలో పెద్ద పొదుపు. ఫలితం ఎలా ఉంటుందంటే, బాగా బిగుసుకున్న స్క్రూ మీద పెట్టి తిప్పగానే రెక్కల అంచులు మెలితిరిగి గుండ్రబడతాయి, మొన టకటకమని జారుతుంది, జారిన ప్రతిసారీ గాడి అంచును కొంచెం కొరికేస్తుంది. అలా నాలుగైదుసార్లు జరిగేసరికి స్క్రూ తలలో ప్లస్ గుర్తు పోయి చిన్న గుంట మిగులుతుంది. ఇక ఆ స్క్రూను ఏ మంచి స్క్రూడ్రైవరూ విప్పలేదు, చాలాసార్లు తలను డ్రిల్లు చేసి తీయాల్సి వస్తుంది. వంటింటి అలమర కీలు సరిచేద్దామని కూర్చున్న కొత్తవాడు, తాను సరిగా నొక్కలేదనే అనుకుంటాడు.

డ్రిల్ బిట్ల సంగతి ఇంకా సూక్ష్మమైనది, ఎందుకంటే అక్కడి లోపం కంటికి కనబడదు. ఇనుప కిటికీ చట్రానికో, బీరువా రేకుకో రంధ్రం వేయాలంటే హెచ్ఎస్ఎస్, అంటే హైస్పీడ్ స్టీలు, బిట్టు కావాలి. అందులో టంగ్‌స్టన్, మాలిబ్డినం, క్రోమియం, వెనేడియం కలుస్తాయి కనుక రాపిడికి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కినా గట్టిదనం నిలుస్తుంది. మామూలు కార్బన్ స్టీలు 200 డిగ్రీలు దాటినకొద్దీ మెత్తబడిపోతుంది. చవక పెట్టెల్లో వరుసగా అమర్చిన బిట్లు బంగారు రంగులో మెరుస్తూ ముచ్చటగా ఉంటాయి. ఆ రంగు అసలైన టైటానియం నైట్రైడ్ పూతే అయినా అది కొన్ని మైక్రాన్ల మందమే, దాని కింద ఉన్న ఉక్కు ఏదన్నదే అసలు ప్రశ్న. అది తేల్చుకోవడానికి వర్క్‌షాపుల్లో ఒక పాత పద్ధతి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని, సన్న బిట్టు వెనుక భాగాన్ని తిరుగుతున్న బెంచ్ గ్రైండర్ రాయికి ఒక్క క్షణం తాకించి నిప్పురవ్వలు చూడాలి. కార్బన్ స్టీలైతే రవ్వలు తెల్లగా, పసుపుగా, గుత్తులు గుత్తులుగా ఎగసి చివర్లలో చిట్లిపోతాయి. హైస్పీడ్ స్టీలైతే రవ్వలు తక్కువ, రంగు మసక ఎరుపు, చిట్లడం దాదాపు ఉండదు. హెచ్ఎస్ఎస్ అని అచ్చు వేసిన ఒక చవక సెట్టులోని బిట్టును ఇలా తాకించి చూస్తే తెల్లటి రవ్వలు గది సగం దాకా చిమ్మాయి. అటువంటి బిట్టుతో స్టెయిన్‌లెస్ స్టీలు మీద పని మొదలుపెట్టినవాడు ఎంత నొక్కినా లాభం లేదు. పైగా స్టెయిన్‌లెస్ స్టీలు రాపిడికి ఇంకా గట్టిపడే లోహం కాబట్టి, మొద్దుబారిన బిట్టును తిప్పుతున్న కొద్దీ రంధ్రం వేయాల్సిన చోటే మరింత మొండికేస్తుంది.

మా కాలనీలో తలుపులు, కిటికీలు బాగుచేసే ఒక వడ్రంగి గారి సంచీని ఒకసారి దగ్గరగా చూసే అవకాశం దొరికింది. అందులో ఉన్నవి తక్కువే. మూడు ఉలులు, రెండు చిత్రికలు, ఒక రంపం, ఆకురాయి, సానరాయి, చెక్క పిడి సుత్తి. ఉలులు రెండు లారీ కమాను పట్టీతో కమ్మరి దగ్గర కొట్టించుకున్నవట, అరిగి అరిగి సగం పొడవుకు వచ్చాయి. కొత్తగా కొన్న సెట్టులోని ఉలిని నేను చూపిస్తే, ఆయన దాని అంచును బొటనవేలి గోరు మీద ఆనించి, కాస్త వాల్చి చూసి, “పదును పట్టుద్ది సార్, నిలబడదు. రెండు మూలలు తీసేసరికి అంచు మడత పడిపోద్ది” అన్నారు. ఆ ఉలితోనే ఆయన పని చేయగలరు. అంచు ఎప్పుడు పోతుందో ఆయన చేతికి చప్పుడులోనే తెలుస్తుంది, వెంటనే సానరాయి మీద నాలుగు దీట్లు దీటి మళ్లీ మొదలుపెడతారు. తలుపు చట్రంలో కీలుకు గాడి తీయడం అప్పుడే నేర్చుకుంటున్నవాడికి ఆ చెవి ఇంకా రాలేదు. మొద్దుబారిన ఉలికి బలం చాలక సుత్తితో మరింత గట్టిగా కొడతాడు, చెక్క చీలుతుంది, ఒక్కోసారి ఉలి జారి ఎడమచేతిని గాయపరుస్తుంది. ఉలుల విషయంలో ఎక్కువ దెబ్బలు తగిలేది పదునైనవాటితో కాదు, పదును లేనివాటితోనని ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరూ చెబుతారు.

కొలత పనిముట్లదీ ఇదే కథ. నాణ్యమైన టేపు మీద దీర్ఘవృత్తంలో రోమన్ అంకె రెండు ముద్రించి ఉంటుంది. రెండో తరగతి ఖచ్చితత్వం అని దానికి అర్థం, 5 మీటర్ల పొడవుకు అనుమతించే తేడా 1.3 మిల్లీమీటర్లు మాత్రమే. టేపు చివరి కొక్కెం కాస్త వదులుగా ముందుకూ వెనక్కూ కదులుతుంటే లోపమనుకుని సుత్తితో బిగగొట్టేవాళ్లను చూశాను. ఆ కదలిక కావాలని పెట్టింది. కొక్కెం మందం ఎంతో అంతే కదులుతుంది, అందువల్ల అంచుకు తగిలించి కొలిచినా, గోడకు ఆనించి కొలిచినా లెక్క ఒకటే వస్తుంది. మూలమట్టాన్ని, రసమట్టాన్ని మాత్రం కొట్లోనే పరీక్షించుకోవచ్చు. మూలమట్టాన్ని పలక అంచుకు ఆనించి ఒక గీత గీసి, తిరగేసి అదే చోట మరో గీత గీస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. రసమట్టాన్ని బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అటుది ఇటు తిప్పి పెడితే బుడగ మళ్లీ అక్కడికే రావాలి. రాకపోతే అది ఎంత చవకైనా కొనకూడదు, ఎందుకంటే ఆ తర్వాత బిగించే ప్రతి అరా దాని అబద్ధాన్నే మోస్తుంది.

మంచివి కొనే స్తోమత అందరికీ ఎక్కడుంటుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయితే ధరల పోలిక మనం తప్పుగా చేస్తున్నాం. వంద ముక్కల పెట్టె ధరను ఒక విదేశీ బ్రాండు స్పానర్ల సెట్టు ధర పక్కన పెట్టి చూస్తే మంచి పనిముట్టు ధనికుల వ్యవహారంగానే కనిపిస్తుంది. ఆ వంద ముక్కల్లో ఎనభై ఎప్పటికీ వాడనివి, పెట్టెలో చోటు నింపడానికి వేసినవి. ఇంటికి మొదట కావలసినవి ఒక కటింగ్ ప్లయర్, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక సర్దుబాటు పానా, సుత్తి, టేపు. నాసిక్‌లో తయారయ్యే టపారియా కటింగ్ ప్లయర్ ఇప్పటికీ ఏ ఊరి హార్డ్‌వేర్ కొట్లోనైనా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఎలక్ట్రీషియన్ల జేబుల్లో ఏళ్ల తరబడి ఉండేది అదే. జలంధర్, లుధియానాలలో కొట్టిన స్పానర్లు, ప్లయర్లు ఎన్నో దేశాలకు ఎగుమతి అవుతున్నాయి. చేతి పనిముట్లలో నాణ్యత మనకు అందని పండు కాదు, పక్క అరలోనే ఉంది. వంద ముక్కల పెట్టె డబ్బుతో ఈ ఆరింటినీ కొనుక్కుని, మిగతావి పని పడినప్పుడు ఒక్కొక్కటే చేర్చుకోవచ్చు.

ఇదంతా చైనా సరుకు మీద ద్వేషంతో అంటున్న మాట కాదు. కరెంటు మిషన్లలో పేరున్న బాష్‌కు చైనాలోని హాంగ్‌ఝౌలో, మకితాకు అక్కడి కున్‌షాన్‌లో సొంత ఫ్యాక్టరీలున్నాయి. అలాంటిదే మరో బ్రాండు మిల్వాకీ 2005 నుంచి హాంకాంగ్‌కు చెందిన టెక్‌ట్రానిక్ సంస్థది. ఝెజియాంగ్ రాష్ట్రంలోని యోంగ్‌కాంగ్ నగరం హార్డ్‌వేర్ తయారీకే పేరు మోసింది, అక్కడ కొనుగోలుదారు ఏ నాణ్యత అడిగితే ఆ నాణ్యత తయారవుతుంది. తక్కువ ధర తప్ప మరేదీ అడగని వ్యాపారి తెప్పించిన సరుకు ఆ తక్కువ ధరకు తగ్గట్టే వస్తుంది. నేను వద్దంటున్నది పేరూ ఊరూ లేని సరుకును, చెడితే ఎవరిని అడగాలో తెలియని సరుకును. అది ఏ దేశంలో తయారైనా ఒకటే.

పేరూ ఊరూ లేని సరుకు ఎలా అబద్ధమాడుతుందో చూడాలంటే ఆన్‌లైన్‌లో దొరికే కార్డ్‌లెస్ డ్రిల్లుల బ్యాటరీ చూడాలి. దాని మీద పెద్ద అక్షరాలతో 48వీఎఫ్ అనో, 88వీఎఫ్ అనో రాసి ఉంటుంది. చూసినవాళ్లు 48 వోల్టులనే చదువుకుంటారు. విప్పి చూస్తే లోపల సాధారణంగా ఐదు లిథియం సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కో సెల్లు 3.6 వోల్టులు, ఐదింటికి 18. నిండా ఛార్జ్ చేసినప్పుడు సెల్లుకు 4.2 చొప్పున 21 వోల్టులు, అంతకు మించి రాదు. పేరున్న బ్రాండు 18 వోల్టులని రాసేది కూడా సరిగ్గా ఈ ఐదు సెల్లుల బ్యాటరీ మీదనే. వీఎఫ్ అనే తోక ఏ కొలతకూ సంబంధించినది కాదు. చట్టం అడిగితే తప్పించుకోవడానికి, కొనేవాడి కన్ను కప్పడానికి తగిలించిన అక్షరాలవి. కొత్తవాళ్లకు వోల్టుల లెక్క తెలియదన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది, అది నాకు కోపం తెప్పిస్తుంది.

చవకవి కొను, విరిగినవాటి స్థానంలో మంచివి కొను అన్న సూత్రం అమెరికాలో బాగా ప్రచారంలో ఉంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు కూడా దాన్నే ఇక్కడి బంధువులకు చెబుతుంటారు. అక్కడ దానికి ఒక ఆధారం ఉంది. 1977లో కాలిఫోర్నియాలో మొదలైన హార్బర్ ఫ్రైట్ వంటి దుకాణాలు చవక చేతి పనిముట్లకు కూడా జీవితకాల వారంటీ ఇస్తాయి, విరిగింది పట్టుకెళ్తే మారుస్తారు. ప్లంబర్‌ను ఒక్కసారి పిలిస్తే అయ్యే ఖర్చు ఆ పనిముట్టు ధరకు ఎన్నో రెట్లు కాబట్టి, ఒకే ఒక్క పనికి పనికొచ్చినా గిట్టుబాటే. మన దగ్గర లెక్క వేరు. కొన్ని వందలకు ఎలక్ట్రీషియనో వడ్రంగో ఇంటికొచ్చి పని చేసి వెళ్తాడు. అయినా సొంతంగా చేసుకోవాలనుకునేవాడు డబ్బు మిగుల్చుకోవడానికి చేయడం లేదు. పని మీది ఇష్టంతో, తన ఇంటి పని తనకు నచ్చినంత శ్రద్ధగా జరగాలన్న పట్టుదలతో చేస్తున్నాడు. ఆ ఇష్టాన్ని చంపే పనిముట్టు ఎంత తక్కువకు దొరికినా దండగే.

నాణ్యత ఒక్కటే చాలదు, పనికి తగిన రకం కావాలన్నది హైదరాబాద్ కొత్త అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి అనుభవమే. ఇప్పుడు చాలాచోట్ల మైవాన్ పద్ధతిలో, అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి గోడలు కడుతున్నారు. ఇటుక గోడలో వెన్నలో దిగినంత తేలిగ్గా దిగే మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు అక్కడ అరంగుళం లోతుకు ఆగిపోతుంది. ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ల చక్రాలు ఒకదానిపై ఒకటి గీరుకుంటూ నిమిషానికి 40 వేలకు పైగా చిన్న చిన్న దెబ్బలు వేస్తాయి, ఒక్కో దెబ్బలో బలం మాత్రం చాలా తక్కువ. రోటరీ హామర్‌లో గాలి ఒత్తిడితో ముషలకం (పిస్టన్) కదిలి నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే వేస్తుంది, కానీ ఒక్కోటి రెండు మూడు జౌల్‌ల శక్తితో పడుతుంది. కాంక్రీటు పొడి అయ్యేది ఆ దెబ్బకే. ఇంట్లో పది రంధ్రాల కోసం రోటరీ హామర్ కొననక్కర్లేదు, రోజు అద్దెకు ఇచ్చే కొట్లున్నాయి. నాసిరకం మిషన్ కొనడం కంటే మంచి మిషన్ అద్దెకు తెచ్చుకోవడం ఎప్పుడూ మేలే.

చేత్తో పట్టుకుని ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్ దగ్గర మాత్రం నేను ఏ రాజీకీ ఒప్పుకోను. నాలుగు అంగుళాల డిస్కు నిమిషానికి 11,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 57 మీటర్లు దాటుతుంది, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంలో డిస్కు పగిలితే ముక్క ముఖానికి చేరేలోపు తల తిప్పుకునే వ్యవధి ఉండదు. మంచి డిస్కు మీద సెకనుకు 80 మీటర్ల దాకా తట్టుకుంటుందని, గరిష్ఠంగా 15,300 చుట్లని రాసి ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న లోహపు రింగు మీద నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి, అది దాని గడువు. రెసిన్‌తో అతికించిన డిస్కులు తేమకు, కాలానికి బలహీనపడతాయి కాబట్టి గడువు దాటినవాటిని వాడకూడదు. వర్షాకాలంలో గోదాములో పడి ఉన్న డిస్కులు తక్కువకు ఇస్తామంటే తీసుకోకండి. రింగు మీద ఏమీ రాయని డిస్కును అసలే ముట్టుకోకండి. మిషన్‌కు డిస్కును కప్పి ఉంచే గార్డు మందంగా, కదలకుండా బిగుసుకుని ఉండాలి, పని చేసేటప్పుడు దాన్ని విప్పేయకూడదు. కరెంటు పనికి వాడే ప్లయర్ల మీద రంగు రబ్బరు తొడుగు చూసి నమ్మడం కూడా అంతే ప్రమాదం. రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల అంకె ఉన్నవే ఇన్సులేషన్‌కు పరీక్షించినవి, మిగతా తొడుగులు పట్టు జారకుండా ఉండడానికే. గుర్తు ఉన్నా సరే, మెయిన్ ఆపకుండా పని మొదలుపెట్టవద్దు.

చవకవి కొన్నా నష్టం లేనివీ ఉన్నాయి. రంగు గీకే రేకులు, సి-క్లాంపులు, పనిముట్ల పెట్టెలు, సున్నం కలిపే తట్టలు, జిగురు పూసే బ్రష్షులు ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవచ్చు. కోసేది, తిప్పేది, కొలిచేది, కరెంటుతో తిరిగేది, ఈ నాలుగింటిలోనే జాగ్రత్త కావాలి.

కరెంటు మిషన్ కొనడానికి సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లినా, మీ ఊరి హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లినా ధర కంటే ముందు ఒకటి అడగండి. ఆ మోడల్‌కు కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న దిమ్మెలు), స్విచ్, ఆర్మేచర్ (ఆ తిరిగే భాగం) ఇక్కడే దొరుకుతాయా అని. మామూలు మోటారు మిషన్‌లో కార్బన్లు అరగడం సహజం, అరిగిన ప్రతిసారీ మార్చుకుంటూ పోతే ఆ మిషన్ ఏళ్ల తరబడి పని చేస్తుంది. పేరులేని మిషన్లకు సరిపడే కార్బన్ కోసం కొట్లన్నీ తిరిగి, చివరికి వేరే సైజుది ఆకురాయితో అరగదీసి ఇరికించుకోవాల్సి వస్తుంది. అది లోపల నిప్పులు రాలుస్తూ, కార్బన్లు ఆనుకునే రాగి భాగాన్ని, అంటే కమ్యుటేటర్‌ను, కాల్చేస్తుంది. కొట్టతను సొరుగు లాగి ఆ మోడల్ కార్బన్ల జత తీసి గల్లాపెట్టె మీద పెడితే మిషన్‌తో పాటు దాన్నీ కలిపి బిల్లు వేయించుకోండి. దొరకవు సార్, పోతే కొత్తది కొనుక్కోవడమే అన్నాడంటే, పక్క కొట్లో అడగండి.